సమస్య: «బంది చేసినతడె బంట యయ్యె» (ఆటవెలది)

నిర్వాహకుడు: ఈసారి విషయం లైకెన్. బిరియానీలో వేసే రాతిపువ్వు అదే. శిలీంధ్రం, నాచు కలిసి కట్టుకున్న ఒళ్లు. 1869లో స్విట్జర్లాండ్ వృక్షశాస్త్రవేత్త సైమన్ ష్వెండెనర్ శిలీంధ్రాన్ని యజమాని అన్నాడు, నాచును బానిస అన్నాడు. దాన్నే తిరగేసి ఇచ్చాను. శిలీంధ్రాన్ని బూజు అన్నా ఒప్పుకుంటాం, గణాల్లో ఇముడుతుంది.

కొండగాలి:
బూజు దొర యొకండు పొలుపైన నాచును
తిండి కొఱకు పట్టి తెచ్చి కట్టె;
ఎండ నడ్డి నీటి నిచ్చి పోషించెను,
బంది చేసినతడె బంట యయ్యె.

యతిమైత్రి: నడక హాయిగా ఉంది. "పొలుపైన" మాత్రం యతి కోసం పిలిచిన చుట్టం. బూజు పెట్టేది చెప్పారు సరే, దానికి ముట్టేదేమిటి? "తిండి కొఱకు" అని దాటేశారు.

బాటనీ మాస్టారు: "పోషించెను" కూడా తిరగబడింది. వండేది నాచు, తినేది బూజు. బూజు ఇచ్చేది నీడ, తేమ, ఖనిజాలు.

పల్లెపదం: అయితే ఇది చూడండి.
పచ్చ నాచు వండి పంచదారను బెట్ట
గొడుగు పట్టి బూజు కొలువు చేసె;
రాతి గోడ మీద రాజెవ్వరో చెప్పు,
బంది చేసినతడె బంట యయ్యె!

బాటనీ మాస్టారు: గొడుగు భేష్! పైపొర నిజంగానే బూజు అల్లిక, దాని కిందే పలచగా ఆకుపచ్చ పొర. లైకెన్ మీద నాలుగు చుక్కల నీళ్లు పోయండి, పైపొర పారదర్శకమై లోపలి పచ్చదనం బయటపడుతుంది. పంచదార అనడం కవి చనువు: ఆకుపచ్చ నాచు ఇచ్చేది రిబిటాల్ అనే చక్కెర లాంటి పదార్థం, నాస్టాక్ అనే నీలి ఆకుపచ్చ నాచు అయితే గ్లూకోజ్. నాస్టాక్ గాలిలోని నత్రజనిని కూడా పట్టి ఇస్తుంది.

యతిమైత్రి: మూడో పాదం ప్రశ్న వేసి ఊరుకుంది. సమస్య విడిపోవాలి కదండీ.

ఏటిగట్టు:
విడిచి పెట్ట నాచు వేరుగా బ్రతుకును,
బూజు కేది దారి పొట్ట గడువ?
తాళ మెవరి చేత? తలపోసి చూడగా
బంది చేసినతడె బంట యయ్యె.

యతిమైత్రి: విరుపు ఇక్కడుంది! చెర వదిలితే నష్టం చెరసాల వాడికే.

బాటనీ మాస్టారు: నాస్టాక్ విషయంలో నూటికి నూరుపాళ్లూ నిజం, తడినేల మీద ఒంటరిగానే బతికేస్తుంది. ట్రెబాక్సియా అనే నాచు మాత్రం బయట విడిగా అరుదు. అన్నట్టు, 2016లో కొన్ని లైకెన్ల పైపొరలో ఈస్టు కూడా కనిపించింది. ఆ మూడోవాడి సంగతి?

నిర్వాహకుడు: ఏటిగట్టు గారిదే ఈ వారం మొదటి పూరణ. ఈస్టుకు ఈ పాదంలో గణాలు మిగల్లేదు మాస్టారూ, దాన్ని కందంలో వచ్చే వారం ఇస్తాను.