కథ అడ్డం తిరిగిందా, అడ్డంగా తిరిగిందా?

తోటపాలెం కుర్రాడు:
అందరికీ నమస్కారం. చిన్న డౌటే గానీ కొన్నాళ్ళుగా బుర్ర తినేస్తోంది. మా ఫ్రెండ్సందరం కలిసి ఒక సినిమా తీస్తున్నాం, కథ మొత్తం ఒక్క రాత్రిలో అయిపోతుంది, విజయనగరంలో తొలేళ్ళ రాత్రి, అంటే పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగకి ముందు రాత్రి. మూడు కథలు. ఒకడు కొట్టేసిన కంటె, అదే మెడలో వేసుకునే నగ, జేబులో వేసుకుని జనంలో పడి తిరుగుతుంటాడు. ఇంకొకడు అంబులెన్స్ డ్రైవరు, తెల్లారేలోగా శవాన్ని సాలూరు చేర్చాలి, కోట చుట్టూ ట్రాఫిక్ ఆపేశారు, బండి కదలదు. మూడోది బందోబస్తు డ్యూటీలో ఉన్న లేడీ కానిస్టేబులు, వాళ్ళ చెల్లెలు అదే రాత్రి ఇంట్లోంచి వెళ్ళిపోయింది. థ్రిల్లరే, కానీ నవ్వొస్తుంది, నవ్వాక అయ్యో అనిపిస్తుంది. మూడూ తెల్లారగట్ల గంటస్తంభం దగ్గర ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. అక్కడ దొంగ చేత కన్యాశుల్కంలో గిరీశం ఆఖరి మాట అనిపిద్దామని ఉంది. స్క్రిప్టు మళ్ళీ చదువుతుంటే ఒకచోట "కథ అడ్డం తిరిగింది" అని, ఇంకోచోట "అడ్డంగా తిరిగింది" అని ఉంది. గురజాడ వారు రాసింది ఏది? పుస్తకం మావాడెవడో పట్టుకుపోయాడు. ఎవరి దగ్గరైనా ఉంటే చూసి చెప్పండి.

నాగావళి:
"గా" ఉంది బాబూ. "డామిట్! కథ అడ్డంగా తిరిగింది." నాటకం అక్కడితో సరి.

పాలకొండ రోడ్డు:
పుస్తకంలో ఉన్నమాట నిజమే నాగావళి గారూ, కానీ జనం నోట్లో మాత్రం ఆ "గా" లేదు. మా శ్రీకాకుళంలో ఎవర్నయినా అడగండి, కథ అడ్డం తిరిగిందనే అంటారు. అసలు జాతీయమే అడ్డం తిరగడం. నేను కోర్టులో పనిచేస్తాను, సాక్షి అడ్డం తిరిగాడు అనే మాట వినని వారం ఉండదు. అదే "సాక్షి అడ్డంగా తిరిగాడు" అన్నారనుకోండి, బోనులో పక్కకి తిరిగి నించున్నాడని అర్థం వస్తుంది. సినిమా మనుషులు మాట్లాడుకునేది కాబట్టి "గా" తీసెయ్యండి.

బొబ్బిలి మాస్టారు:
పాలకొండ రోడ్డు గారు మంచి చోట పట్టుకున్నారు. ఇంకో జత చూడండి. ఎదురు తిరిగాడు అంటే ఎదిరించాడని. ఎదురుగా తిరిగాడు అంటే మొహం ఇటు పెట్టాడని, అంతే. "గా" చేరగానే జాతీయం పోయి మామూలు క్రియావిశేషణం మిగులుతుంది. అడ్డం పడ్డాడు, అడ్డంగా పడ్డాడు కూడా అంతే, మొదటిది అడ్డగించడం, రెండోది మంచం మీద పడుకున్న తీరు. ఈ లెక్కన గురజాడ "గా" పెట్టారంటే ఊరికే పెట్టలేదు. ఆయన గిరీశం నోట్లో ఏ మాటా ఊరికే పెట్టలేదు.

నాగావళి:
మాస్టారూ, అన్నింటికీ ఆ సూత్రం పనిచెయ్యదు. అడ్డంగా దొరికిపోయాడు, అడ్డంగా వాదిస్తున్నాడు, అడ్డంగా బలిశాడు, వీటిల్లో "గా" ఉండి కూడా జాతీయమే కదా.

బొబ్బిలి మాస్టారు:
నేను "తిరుగు" క్రియతో జతపడ్డప్పటి సంగతి చెప్పాను.

చంపావతి:
నమస్కారం. అర్థం సంగతి మీరు తేల్చుకోండి గానీ ఎవరూ దాని నడక చూడట్లేదు. నోటితో గట్టిగా అని, వేళ్ళ మీద లెక్క పెట్టండి. పొట్టి అక్షరానికి ఒక మాత్ర, పొడుగు అక్షరానికి రెండు. డామిట్, నాలుగు మాత్రలు. కథఅడ్, నాలుగు. డంగా, నాలుగు. తిరిగిం, నాలుగు. ఆఖర్న "ది" ఒక్కటీ పడుతుంది. నాలుగు నిండు గణాలు నడిచి ఒక్క లఘువు మీద పరదా దిగిపోతుంది. "గా" తీస్తే ఈ నడక పోతుంది. గురజాడ ఛందస్సు ఎరిగినవాడు, వచనం రాసినా ఆయన చెవి పనిచేస్తూనే ఉంటుంది. నాకైతే "గా" ఉండడానికి కారణం ఇదే.

బొబ్బిలి మాస్టారు:
చంపావతి గారూ, లెక్క బావుంది, కానీ "గా" తీసి కూడా ఒకసారి వెయ్యండి. డామిట్, కథఅడ్, డంతిరి, గింది. నాలుగు, నాలుగు, నాలుగు, మూడు. ఇది కూడా చతురస్రమే, అంటే నాలుగేసి మాత్రల నడకే, ఎక్కడా కుంటలేదు. కాబట్టి మాత్రలు పెట్టి ఏదీ రుజువు చెయ్యలేం.

చంపావతి:
మూడుతో ఆగడం వేరు, నాలుగు నిండాక ఒకటి జారడం వేరు మాస్టారూ. హార్మోనియం ముందు కూర్చున్నవాళ్ళకి ఆ తేడా తెలుస్తుంది.

వంశధార:
గురజాడ చెవి అన్నారు కాబట్టి ఒకమాట. ఆయన సొంత నడక చతురస్రం కాదు కదండీ, ఆయన కట్టిన ఛందస్సు ముత్యాల సరం, అది మూడూ నాలుగూ. "గుత్తునా ముత్యాల సరములు, కూర్చుకొని తేటైన మాటల." గుత్తు మూడు, నాముత్ నాలుగు, త్యాల మూడు, సరములు నాలుగు, మొత్తం 14. అబ్బ, ఆ "క్రొత్త పాతల మేలు కలయిక" ఎన్నిసార్లు చదివినా కొత్తగానే ఉంటుంది నాకు. మా నాన్నగారు పొలం గట్టు మీద ఇది పాడుతూ నడిచేవారు, అడుగు మూడుకీ నాలుక్కీ సరిగ్గా పడేది. పూర్ణమ్మ కథ చెబుతూ ఏడిపించినవాడూ ఈయనే, గిరీశాన్ని పుట్టించినవాడూ ఈయనే. అది తల్చుకుంటేనే నాకు ఆశ్చర్యం.

ఇంక "అడ్డం" సంగతి. మా వైపు కొలతల్లో అడ్డ అంటే అర కుంచం, రెండు మానికలు. అడ్డెడు బియ్యం అంటాం. అంటే అడ్డ అన్న మాటలోనే సగం అన్న అర్థం ఉంది. కథ అడ్డంగా తిరిగిందంటే సగంలో తిరిగిపోయింది అని కూడా ఎందుకు కాకూడదు? గిరీశం అనుకున్న పెళ్ళి కథ సగంలోనే ఆగింది కదా.

బొబ్బిలి మాస్టారు:
వంశధార గారూ, అది వేరే మాట. అడ్డెడులో అడ్డ సంస్కృతం అర్ధ నుంచి ప్రాకృతం మీదుగా వచ్చింది. దారికి అడ్డం మన అచ్చతెలుగు. రూపం కలిసిందని రెండూ ఒకటి చెయ్యకూడదు. లేకపోతే అడ్డాకుల విస్తరి కూడా సగం ఆకు అనాలి.

వంశధార:
అడ్డాకుని నేను తేలేదు మాస్టారూ. ఆ మాట మూలం నాకు వేరే తెలుసు, తర్వాత రాస్తాను.

తోటపాలెం కుర్రాడు:
అందరికీ థాంక్స్. పుస్తకంలో "గా" ఉందని తేలింది. ఇప్పుడు నా ప్రశ్న, మా దొంగ ఏది అనాలి? వాడు చదువుకున్నవాడు కాదు, గాజులరేగ వైపు ఆటో తోలేవాడు. కన్యాశుల్కం వాడు చదవలేదు, ఊళ్ళో అందరి నోటా విని ఆ మాట వాడికి వచ్చింది.

పాలకొండ రోడ్డు:
అలాగైతే మరీ "గా" వద్దు. విని నేర్చుకున్నవాడు విన్నట్టే అంటాడు. రావిశాస్త్రి గారిని చూడండి, మా శ్రీకాకుళంలో పుట్టినాయన, వైజాగ్‌లో లాయరుగిరీ చేస్తూ ఆరు సారా కథలు రాశారు. సారా అమ్మేవాళ్ళు, పోలీసులు, ప్లీడర్లు, ఎవరి మాట వాళ్ళకే ఉంటుంది, ఒకరిది ఇంకొకరి నోట్లో పెడితే చెల్లదు. మీరు తీస్తున్నది కూడా అలాంటి మనుషుల కథే, రాత్రిపూట వీధుల్లో తిరిగేవాళ్ళది. వాళ్ళందర్నీ రావిశాస్త్రి గారు ఎప్పుడో చూసేశారు. ఆయన వాక్యం ఎంత పొడుగున్నా చివరికి వచ్చేసరికి గుండెల్లో దిగుతుంది. మీ కానిస్టేబులు పాత్రకి డైలాగులు రాసేముందు ఆ కథలు ఒకసారి చదివి తీరాలి తమ్ముడూ.

నాగావళి:
ఆటో తోలేవాడైతే "తిరిగింది" కూడా అనడు. "కత అడ్డం తిరిగిపోనాదిరా బావూ" అంటాడు. మన ఊళ్ళ సినిమా అని చెప్పి మన మాట లేకపోతే ఎలా? మన గిడుగు వారు వాడుకభాష కోసం అంత పోరాడిందెందుకు మరి.

చంపావతి:
పోనాది పెడితే నడక మొత్తం మారిపోతుంది. డామిట్ ఎక్కడ పెడతారు?

నాగావళి:
డామిట్ ఉంటుంది. మన ఆటోవాళ్ళు ఇంగ్లీషు మాట వాడరని ఎవరన్నారు? "డామిట్టు, కత అడ్డం తిరిగిపోనాది." నాకు చెవికి హాయిగా ఉంది.

పాలకొండ రోడ్డు:
చూశారా, మీరు కూడా "గా" లేకుండానే అన్నారు.

బొబ్బిలి మాస్టారు:
"గా" ఎందుకుందో రాత్రంతా ఆలోచించాను. ఈ సినిమా ఒక్క రాత్రిలో మూడు కథలు అన్నారే, అక్కడ దొరికింది నాకు. కన్యాశుల్కాన్ని మనం సంఘసంస్కరణ నాటకమని పాఠం చెప్పి వదిలేస్తాం గానీ, కథ అల్లిక చూడండి ఒక్కసారి. కరటకశాస్త్రి శిష్యుడికి ఆడవేషం వేసి ముసలి లుబ్ధావధాన్లుకి కట్టబెడతాడు. పెళ్ళికూతురి మెడలోకి మధురవాణి కంటె వస్తుంది. పెళ్ళికూతురు మాయం, కంటె మాయం. లుబ్ధావధాన్లు మీద ఖూనీ కేసు. చచ్చిన పిల్ల ఎవరు? అసలు పిల్లే లేదు! లేని పిల్లని చంపాడని ఒక ముసలాయన జైలు భయంతో వణికిపోతుంటాడు, జనం నవ్వుతుంటారు. అటు గిరీశం బుచ్చమ్మని లేవదీసుకుపోయాడు, అది వేరే కథ, వేరే దారి. ఈ రెండూ విశాఖపట్నంలో వకీలు సౌజన్యారావు గారింట్లో కలుస్తాయి.

ఇప్పుడు ఆఖరి మాట దగ్గరికి రండి. గిరీశానికి ఎవరైనా ఎదురు తిరిగారా? బుచ్చమ్మ తిరగలేదు. సౌజన్యారావు అప్పటిదాకా వాణ్ణి మంచివాడనే నమ్మాడు. మరి దెబ్బ ఎటునించి వచ్చింది? మధురవాణి వైపు నుంచి. ఆవిడ మగవేషం వేసుకుని అక్కడికి వెళ్ళింది లుబ్ధావధాన్లు కేసు కోసం. ఆ కేసు దారిన వెళ్తూ వెళ్తూ గిరీశం బండవాళం బయటపెట్టింది. అంటే గిరీశం కథ వాడి మీదకి అడ్డం తిరగలేదు. ఇంకొకరి కథ పక్కనించి వచ్చి వాడి దారిలో అడ్డంగా నిలబడింది, సందులోంచి వచ్చిన బండి రోడ్డుకి అడ్డంగా తిరిగి ఆగినట్టు. నిలువుగా పోతున్నదాన్ని అడ్డంగా కోసింది. జాతీయం వాడితే తప్పు తనదో, ఎదుటివాడిదో అవుతుంది. "గా" ఉంటేనే ఈ బొమ్మ వస్తుంది. అందుకే గురజాడ "గా" పెట్టారు.

కుర్రాడా, నీ సినిమాలో కూడా జరిగేది అదే. అంబులెన్స్ డ్రైవరుకి దొంగ ఎవరో తెలీదు, దొంగకి కానిస్టేబులు చెల్లెలు ఎవరో తెలీదు. ఎవడి కథ వాడిది నిలువుగా పోతుంటే పక్కవాడి కథ అడ్డంగా వస్తోంది. నువ్వు "గా" తీసేస్తే నీ సినిమా ఏంటో చెప్పే మాటని నువ్వే చెరిపేసుకుంటావు.

తోటపాలెం కుర్రాడు:
మాస్టారూ, ఇది చదివి మా టీమ్ గ్రూపులో పెట్టేశాను. స్క్రీన్‌ప్లే రాస్తున్నప్పుడు మేం ఇంత స్పష్టంగా అనుకోలేదు, కానీ తీస్తున్నది ఇదే. కంటె పెట్టింది కూడా కన్యాశుల్కం మనసులో ఉండే.

చంపావతి:
బ్రహ్మాండంగా చెప్పారు మాస్టారూ. మాత్రల సంగతి మాత్రం నేను వదలను.

పాలకొండ రోడ్డు:
వివరణ చాలా బావుంది, మధురవాణి దగ్గర నేను పూర్తిగా మీతోనే ఉన్నాను. కానీ మనం ఇప్పుడు చూస్తున్న అడ్డం, అడ్డంగా తేడా గురజాడ కాలానికి ఉందో లేదో ముందు చూడాలి. 1897లో మొదటి కూర్పు ఐదంకాలు, 1909లో తిరగరాసింది ఏడంకాలు. ఆ రెంటిలోనూ అడ్డం, అడ్డంగా, ఎదురు, ఎదురుగా ఎక్కడెక్కడ వచ్చాయో వరసగా ఏరి పెడితే అప్పుడు మాట్లాడుకోవచ్చు. మనం ఇప్పటి చెవితో విని ఆయన మనసులో ఇది ఉందనడం నాకు ఒప్పుదల కాదు. ఆ రోజుల్లో విజయనగరంలో అడ్డంగా తిరగడం అన్నదే మామూలు మాటేమో. బిడ్డ కడుపులో అడ్డం తిరిగింది అంటాం ఇప్పుడు, మా అమ్మమ్మ "అడ్డంగా తిరిగింది" అనేది, రెంటికీ అర్థం ఒకటే.

బొబ్బిలి మాస్టారు:
మంత్రసాని మాటలో అది స్థానం చెప్పడం. అక్కడ "గా" ఉండాల్సిందే. నా మాటకి అది బలమే.

పాలకొండ రోడ్డు:
మాస్టారూ, మా అమ్మమ్మ మంత్రసాని కాదు.

నాగావళి:
ఆ 1909 కూర్పులో వరసగా ఏరే పని నేను చేస్తాను, నాకు టైముంది. ఏడంకాలూ మళ్ళీ చదవడం కంటే మంచి పని ఏముంటుంది? మధురవాణి, రామప్పంతులు మాట్లాడుకునే చోట్ల ఆగిపోకుండా ముందుకి వెళ్ళగలనో లేదో చూడాలి.

వంశధార:
ఏరడం అన్నారు కాబట్టి, టైటిల్ కార్డు మీద తొలేళ్ళు ఎలా రాస్తున్నారు బాబూ? ఈ మధ్య బ్యానర్ల మీద "తోలేళ్ళు" అని దీర్ఘం పెట్టి రాస్తున్నారు, చూస్తే బాధేస్తుంది. అది తొలి ఏరు. ఏరు అంటే నాగలి, ఏరువాకలో ఉన్నదే. రాత్రి ఘటాలు కోటలోకి వెళ్ళి పైడితల్లి చదురుగుడికి తిరిగొచ్చాక అమ్మవారి దగ్గర పెట్టిన ధాన్యం గింజలు రైతులకి పంచుతారు కదా, అవి పట్టుకెళ్ళి పొలంలో విత్తనాల్లో కలుపుకుంటారు. తువ్వాలు కొంగులో ముడేసుకుని, ఆ ముడిని పిడికిట్లో పట్టుకుని జనంలోంచి బయటికి వస్తారు, ఒక్క గింజ జారనివ్వరు. మీ సినిమాలో ఆ చేతులు ఒక్కసారి దగ్గర్నించి చూపించండి. "తొ" మీద దీర్ఘం మాత్రం పెట్టొద్దు.

చంపావతి:
తొలి ఏరుకి బహువచనం తొలి ఏళ్ళు, సరే. కానీ తొలి వేళ నుంచి వచ్చిందని మా అత్తగారు అనేవారు, సిరిమానుకి ముందు రాత్రి, తొలి వేళ.

బొబ్బిలి మాస్టారు:
వేళకి వేళలు అవుతుంది గానీ ఏళ్ళు ఎందుకవుతుంది?

చంపావతి:
నోట్లో నలిగితే "వే" లోంచి "వ" జారిపోదా మాస్టారూ? కత, కథ ఒకటైన చోట ఇదెందుకు అవ్వదు?

వంశధార:
చంపావతి గారూ, దీనికి వేరే చర్చ పెట్టండి, నేను వస్తాను. ఏరువాక సంగతి కూడా అక్కడే మాట్లాడుకుందాం, అడ్డాకు కూడా.