చికిత్స ఇస్తే నేరం చిన్నదైపోతుందా?

సునీత, విజయవాడ:
బెర్లిన్‌లోని షారిటే ఆసుపత్రి 2005 నుంచి, పిల్లల మీద లైంగిక ఆకర్షణ ఉన్నవాళ్లకు పేరు బయటపెట్టకుండా చికిత్స ఇస్తోంది. ఇది మంచి మార్పు అంటున్నారు. నాకు మాత్రం మింగుడుపడటం లేదు. నిపుణుల మాట గుడ్డిగా నమ్మితే ఏమవుతుందో ఆ ఊరే చూసింది. 1960ల చివర్లో హెల్ముట్ కెంట్లర్ అనే సైకాలజిస్టు సలహాతో పశ్చిమ బెర్లిన్ అధికారులు దిక్కులేని మగపిల్లల్ని అలాంటి మగవాళ్ల ఇళ్లకే పెంపకానికి పంపారు. తెలియక కాదు, తెలిసే పంపారు. ఈ వ్యవహారం 2000ల మొదటిదాకా నడిచింది. అధికారుల్లో, విద్యాసంస్థల్లో దీనికి అండగా నిలిచినవాళ్లు ఉన్నారని 2020లో హిల్డెస్‌హైమ్ యూనివర్సిటీ నివేదిక తేల్చింది.

డాక్టర్ రవి, వరంగల్:
సునీత గారూ, కెంట్లర్ విషయంలో మీకున్న కోపమే నాకూ ఉంది. కానీ అది చికిత్స కాదు. నాజీల కాలం తర్వాత జర్మనీలో, పిల్లల్ని కట్టడి చేసి పెంచడమే నియంతృత్వానికి మూలం అన్న వాదన బలంగా ఉండేది. ఆ ఊపులో ఏ హద్దునైనా అణచివేత అనేశారు. 1985లో గ్రీన్స్ పార్టీ రాష్ట్ర శాఖ ఒకటి, పిల్లలతో లైంగిక సంబంధాన్ని నేరంగా చూసే చట్టాలను సడలించాలనే పత్రాన్ని ఆమోదించింది. తర్వాత పార్టీ క్షమాపణ చెప్పుకుంది. ఆ చర్చలన్నిటిలో పిల్లాడిని అడిగినవాళ్లు లేరు.

వైద్యంలో మలుపు వేరే దారిలో వచ్చింది. 1962లో అమెరికాలో హెన్రీ కెంప్ బృందం, ఇళ్లలో దెబ్బలు తిన్న పిల్లల ఎముకల ఎక్స్‌రేలు చూపించి డాక్టర్లను నిలదీసింది. 1970ల్లో స్త్రీల ఉద్యమం లైంగిక హింసనూ బయటికి తెచ్చింది. అమెరికా మానసిక వైద్యుల సంఘం రోగనిర్ధారణ గ్రంథం, 2013 నాటి డీఎస్ఎం-5, ఆకర్షణ వేరు, రుగ్మత వేరు అంది. అంతమాత్రాన పిల్లల మీద చెయ్యి వేస్తే నేరం కాకుండా పోదు. చెయ్యి వేయకముందే సాయం కోరి వచ్చేవాడిని తలుపు దగ్గరే ఆపేస్తే నష్టపోయేది పిల్లలే.

సునీత:
చెయ్యి వేయనివాడి వరకు ఒప్పుకుంటాను. కానీ ఆ బెర్లిన్ కార్యక్రమంలో నేరం చేసి దొరకనివాళ్లు కూడా చేరవచ్చు కదా? అక్కడి డాక్టరు గోప్యత పాటించాలి. మన 2012 పోక్సో చట్టం సెక్షన్ 19 అయితే, నేరం సంగతి తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలంటుంది. అందుకే చికిత్సకు రావడానికి భయపడతారని మీరు అనొచ్చు. అది నిజమే అయినా, ఇప్పటికే నలిగిపోయిన ఆ పిల్ల ఇంకా ఆ ఇంట్లోనే ఉంటే, డాక్టరు ఎవరికి జవాబుదారీ?