రికార్డర్ మీద జానపద గీతం: ముందు గొంతా, ముందు కాగితమా?

వేణునాదం
ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు సంగీతం చెప్పే మా ఇద్దరి మధ్య తెగని తగువు ఇది. పిల్లలకు రికార్డర్ మీద, అంటే పిల్లనగ్రోవిలా రంధ్రాలు మూస్తూ నోటితో ఊదే వాయిద్యం మీద, ఒక జానపద గీతం నేర్పాలి. నా సహోద్యోగి బోర్డు మీద స్వరాలు రాసి, ఏ స్వరానికి ఏ రంధ్రాలు మూయాలో చూపే వేళ్ల పటం చేతికిచ్చి మొదలుపెట్టేస్తారు. నేనేమో పాట నోటికి వచ్చేదాకా రికార్డర్ సంచిలోంచి తీయనివ్వను. "సగం పీరియడ్ పాడటానికే పోతే వాయించడం ఎప్పుడు నేర్పుతావు?" అని ఆవిడ. "మీ పిల్లలు వాయించేది వేళ్లు, పాట కాదు" అని నేను. ఇంకో పేచీ కూడా ఉంది. కష్టమైన స్వరాలు తీసేసి పాటను నాలుగైదు స్వరాలకు కుదించడం ఆవిడకు తప్పనిపించదు, నాకు మనసొప్పదు. మీరేమంటారు?

బడిగంట
నా ఓటు కాగితానికే. విని నేర్చుకున్న పిల్లకు ఆ పాట వస్తుంది. చదివి నేర్చుకున్న పిల్లకు వచ్చే వారం ఇంకో పాట కూడా వస్తుంది. క్లాసులో మీరు పాడి వినిపించినంతసేపూ బాగానే ఉంటుంది. ఇంటికెళ్లి రెండో చరణం ఎత్తుకునేసరికి స్వరం గుర్తుకురాదు, అడుగుదామంటే పక్కన ఎవరూ ఉండరు. ఆ వయసు పిల్లలకు నొటేషన్ (గీతల మీద చుక్కలతో స్వరాలు రాసే పద్ధతి) కష్టమని పెద్దవాళ్లమే అనుకుంటాం. బీజగణితం మొదలుపెట్టినవాళ్లకు ఐదు గీతల మీద చుక్క ఎక్కడుందో చూడటం ఓ లెక్కా?

కుదింపు విషయంలో మాత్రం నేను వేణునాదం గారి పక్షం. నాలుగు స్వరాల పాట కావాలంటే నాలుగు స్వరాల్లోనే పుట్టిన పాట వెతుక్కోవాలి. పెద్దదాని కాళ్లు నరకడం దేనికి?

ఏడోరంధ్రం
బడిగంట గారూ, చదవడం రావాలన్నదాంట్లో పేచీ లేదు. ఏది ముందన్నదే ప్రశ్న.

రికార్డర్‌లో వేళ్లు స్వరాన్ని మారుస్తాయంతే. స్వరాన్ని ఎత్తుకునేదీ ఆపేదీ నాలుక. 'తు' అనో 'దు' అనో నాలుకతో గాలిని తెంచకపోతే, ఒకే స్వరం రెండుసార్లు వచ్చినచోట రెండూ కలిసి ఒకటే అయిపోతాయి. మరి ఎక్కడ తెంచాలి, ఎక్కడ తెంచకూడదు? ఆ సంగతి పాట మాటలే చెప్తాయి. అక్షరానికి ఒక 'తు'. ఒకే అక్షరం రెండు స్వరాల మీద సాగితే మొదటిదానికే 'తు', రెండోది వేలు కదలికతోనే రావాలి. గురువు (సాగదీసి పలికే అక్షరం) దగ్గర నిలబడాలి, లఘువు (పొట్టి అక్షరం) దగ్గర తేలిగ్గా దాటిపోవాలి. మాటలు నోటికొచ్చిన పిల్లకు ఇవేవీ విడిగా చెప్పక్కర్లేదు. చుక్కలు చూసి వాయించే పిల్ల అన్నిటికీ ఒకే బరువుతో 'తు తు తు తు' అంటుంది. స్వరాలన్నీ ఒప్పే, వినిపించేది మాత్రం టైపు మిషన్.

ఊపిరి కూడా అంతే. పాడినవాళ్లు పాదం చివర ఊపిరి తీసుకుంటారు. చుక్కలు చూసేవాళ్లు గాలి అయిపోయిన చోట తీసుకుంటారు, అది మాట మధ్యలో అయినా సరే.

ఇది నా సొంత సిద్ధాంతం కాదులెండి. 1535లో వెనిస్‌లో సిల్వెస్ట్రో గనాసి రికార్డర్ వాయించడం మీద పుస్తకం అచ్చువేశాడు. వాయిద్యాలన్నీ మనిషి గొంతు కంటే తక్కువవే, దాన్ని అనుకరించడమే వాయించేవాడి పని అని అందులో మొదట్లోనే చెప్పాడు. నాలుకకు తె-రె, లె-రె లాంటి అక్షరాల జతలు కూడా ఇచ్చాడు.

తాళంచిప్ప
గనాసి గారు ఏడో తరగతి మగపిల్లలకు చెప్పి ఉండరు. గొంతు మారే వయసండీ అది. పాడమంటే సగంమంది తల దించుకుంటారు, మిగతా సగం కావాలని కీచుమని నవ్విస్తారు. రికార్డర్ చేతికిస్తే అదే పిల్లలు బుద్ధిగా కూర్చుంటారు, ఎందుకంటే అక్కడ బయటపడేది వాళ్ల గొంతు కాదు. పైగా బళ్లలో వాడే సొప్రానో రికార్డర్, అంటే హెచ్చు శ్రుతిలో పలికే చిన్న రకం, కాగితం మీద రాసినదానికంటే ఒక స్థాయి పైన పలుకుతుంది. దాని శ్రుతికి ఎవరు పాడగలరు?

వేణునాదం
తాళంచిప్ప గారూ, పాడటమంటే నిలబెట్టి ఒక్కొక్కరి చేత పాడించడం కాదు. నేను చేసేది చెప్తాను. మొదట మాటలు శ్రుతి లేకుండా తాళానికి చెప్పిస్తాను, గొంతు మారుతున్నవాడికి ఇబ్బంది లేదు. తర్వాత అందరం కలిసి, ఎవరికి వీలైన స్థాయిలో వాళ్లం, కూనిరాగంగా. ఆ తర్వాత రికార్డర్ మూతిని గడ్డానికి ఆనించి, ఊదకుండా, మాటలు పలుకుతూ వేళ్లు కదపమంటాను. నోరూ వేళ్లూ కలిసిందీ లేనిదీ అక్కడే తెలిసిపోతుంది. ఊదడం ఆఖర్న.

వెదురుపొద
అసలు ప్రశ్నే తప్పు. జానపద గీతానికి రికార్డర్ దేనికి? జానపదంలో స్వరం నుంచి స్వరానికి జారుడుంటుంది, విరుపుంటుంది. ఇదేమో మెట్లు మెట్లుగా పలికే ప్లాస్టిక్ బొమ్మ.

ఏడోరంధ్రం
బొమ్మ అంటే ఒప్పుకోను. జర్మన్ సంగీతకర్త బాఖ్ 1721లో బ్రాండెన్‌బర్గ్ ప్రభువుకు అంకితమిచ్చిన ఆరు కన్చెర్టోల్లో (వాయిద్య బృందం కోసం చేసిన రచనల్లో) రెండోదాంట్లోనూ నాలుగోదాంట్లోనూ రికార్డర్‌కు పెద్ద పాత్రే ఉంది. జారుడు కూడా వస్తుంది. వేలిని ఒక్కసారి ఎత్తకుండా రంధ్రం మీంచి నెమ్మదిగా దొర్లిస్తే చాలు. పిల్లలు దీన్ని ఇష్టంగా చేస్తారు, ఆపమన్నా ఆపరు.

మీరు అనాల్సింది ఇంకోటుంది, అనలేదు. జానపదం గొంతెత్తి పాడే పాట. రికార్డర్‌లో గట్టిగా ఊదితే శబ్దం పెరగడంతో పాటు శ్రుతీ పెరిగిపోతుంది. 'ఇంకా ఉత్సాహంగా' అని టీచరు అన్నారంటే క్లాసంతా తలో శ్రుతికి ఎగబాకుతుంది. ఉత్సాహాన్ని నాలుకలోనూ తాళంలోనూ చూపించాలి, గాలిలో కాదు. ఇది మాత్రం ఈ వాయిద్యానికి నిజంగా ఉన్న లోటు.

గట్టుమీదిపిట్ట
కుదింపు తప్పు తప్పు అని అందరూ ఒకే మాట మీదున్నారు కాబట్టి వేణునాదం గారి సహోద్యోగి తరఫున నేను మాట్లాడతాను. జానపద గీతానికి అసలు ప్రతి ఏది? ఒక్కో గొంతులో ఒక్కోలా ఉంటుంది. ఒకరు చరణం కిందికి దించుతారు, ఒకరు పైకి తీస్తారు, ఒకరికి ఆ మెట్టు అందకపోతే దాటేస్తారు. శతాబ్దాలుగా పాడినవాళ్లు చేసిన పనే ఈ టీచరమ్మ చేస్తే అది నరకడం ఎలా అయింది?

వేణునాదం
మంచి ప్రశ్నే. కానీ పాడేవాళ్లు మార్చినప్పుడు ఆ పాట నడక తెలిసి మారుస్తారు. ఒక స్వరం వదిలేస్తే దాని చోట పాటకు నప్పేది ఇంకోటి పెడతారు. మనం మార్చేది చిటికెన వేలు అందలేదని. అక్కడ పాటలో ఏం పోయిందో పిల్లకు తెలియదు, ఒక్కోసారి టీచరుకూ తెలియదు.

ఏడోరంధ్రం
ఈ గొడవలో చాలాభాగం 'స' ఎక్కడ పెట్టుకున్నారన్నదాని మీదే ఉంటుంది. పల్లవి స నుంచి ప దాకా తిరిగి, చరణం మొదట్లో కింది ప తాకి వచ్చే పాట తీసుకోండి. పాశ్చాత్య పద్ధతిలో స్వరాలకు సి, డి, ఇ, ఎఫ్, జి, ఎ, బి అని పేర్లు; సొప్రానోలో అట్టడుగు స్వరం సి. దాన్నే 'స' అనుకుంటే అంతకు కింద గొట్టమే లేదు, కింది ప ఎక్కణ్నుంచి వస్తుంది? దాంతో చరణం ఎత్తుగడ మార్చేస్తారు. పైగా 'మ' ఎఫ్ మీద పడుతుంది. బరోక్ ఫింగరింగ్‌లో (రికార్డర్లలో జర్మన్, బరోక్ అని రెండు రకాల వేళ్ల అమరికలున్నాయి) అది మధ్యలో వేలు ఎత్తి కింద మళ్లీ మూయాల్సిన స్వరం, కొత్తవాళ్లకు నరకం.

'స'ను జి మీదికి జరపండి. బొటనవేలు, ఎడమచేతి మూడు వేళ్లు మూస్తే చాలు, 'స' వచ్చేసింది. ఒక్కో వేలు ఎత్తుకుంటూ పోతే ఎ, బి, అంటే రి, గ. పై సి, డి మీద మ, ప. కింద డి మీద మంద్ర ప, అదీ చిటికెన వేలితో పని లేకుండా. పాటలో ఏమీ తీయక్కర్లేదు. కింద ని వస్తే అది ఎఫ్ షార్ప్ (ఎఫ్ కంటే అర మెట్టు పైన), దానికి మాత్రం కాస్త శ్రమపడాలి.

చిట్టిచిలక
మధ్యలో వస్తున్నాను, ఏమనుకోకండి. మా పిల్లలు కింది డి ఊదితే కీచుమంటోంది. నెమ్మదిగా ఊదమని చెప్తూనే ఉన్నాను. ఇంకోటి, కొందరికి ఎఫ్ సరిగ్గా వస్తుంది, కొందరికి అవే వేళ్లు పెట్టినా రాదు.

ఏడోరంధ్రం
రెండోది ముందు చెప్తాను. మీ క్లాసులో జర్మన్, బరోక్ రెండు రకాలూ కలిసి ఉంటాయి. ముందువైపు పైనుంచి నాలుగో రంధ్రాన్నీ ఐదో రంధ్రాన్నీ పోల్చండి. ఐదోది చిన్నదైతే జర్మన్, పెద్దదైతే బరోక్. ఎఫ్ వేళ్లు రెండింటికీ వేరు. జర్మన్‌లో ఎఫ్ సులువు, ఆ సులువుకు ఎఫ్ షార్ప్ దగ్గర వడ్డీ కట్టాలి. జి మీద 'స' పెట్టుకునేవాళ్లకు బరోకే మేలు.

కీచు సంగతి. కింది స్వరం చెడితే పిల్లలు కుడిచేతిని చూసుకుంటారు, మనమూ అదే చూస్తాం. గాలి పోయేది చాలాసార్లు పైనుంచి. కుడిచేయి కిందికి సాగుతుంటే ఎడమచేతి ఉంగరపు వేలు రవ్వంత పక్కకు లేస్తుంది, లేదా వెనక బొటనవేలు జరుగుతుంది. ఊదడం ఆపించి వేళ్లు గట్టిగా అదిమి, తీసి చూసుకోమనండి. వేలికొస మీద గుండ్రటి అచ్చు పూర్తిగా పడితే రంధ్రం మూసినట్టు, అర్ధచంద్రం పడితే దొంగ దొరికినట్టు. అది చూపించాక ఇక అదమడం మానేయమని కూడా చెప్పండి, లేకపోతే వేళ్లు కొయ్యబారిపోతాయి.

బడిగంట
మళ్లీ నా కాగితం దగ్గరికి వస్తాను. గొంతే ముందు అనేవాళ్లు హంగేరీ సంగీతకర్త కొదాయ్ పేరు చెప్తారు, ఇంకా ఎవరూ చెప్పలేదు గనక నేనే చెప్తున్నాను. పిల్లలకు జానపద గీతమే మొదటి సంగీత భాష కావాలని, ముందు పాడించాలని ఆయన అన్నమాట నిజం. కానీ అదే మనిషి 1905 నుంచి హంగేరీ ఊళ్లు తిరిగి ఆ పాటల్ని చెవితో విని వదిలేయలేదు. ఆయనా, తోటి సంగీతకర్త బార్టోకూ వాటిని ఫోనోగ్రాఫ్‌లో (అప్పటి శబ్దం పట్టే యంత్రంలో) ఎక్కించుకుని మరీ చుక్కల్లో రాశారు. ఆయన పద్ధతిలో పిల్లలు చదవడం, రాయడం కూడా నేర్చుకోవాల్సిందే. గొంతు ముందు అని చెప్పి కాగితాన్ని ఎప్పటికీ వాయిదా వేసే క్లాసులే నాకు ఎక్కువ కనిపిస్తున్నాయి. వేణునాదం గారూ, మీ పిల్లలు చుక్కలు ఎప్పుడు చూస్తారో మీరు ఇంతవరకూ చెప్పలేదు.

వేణునాదం
పాట నోటికొచ్చి, పల్లవి వేళ్ల మీదికి వచ్చాక ఇస్తాను. స్వరాలు, కింద మాటలు ఉంటాయి. ఎక్కడ కలపాలో చూపే వంపుగీతలు మాత్రం గీయను. ఏ అక్షరం రెండు స్వరాల మీద సాగిందో వాళ్లే పాడుకుంటూ పెన్సిల్‌తో గీసుకోవాలి. ఊపిరి గుర్తులూ అంతే. పల్లవి అందరూ వాయిస్తారు. చరణం అందనివాళ్లు ఆ పాదాల కింద జి పట్టి 'స' శ్రుతి నిలబెడతారు, అందరూ ఒకే చోట ఊపిరి తీయకుండా వంతులేసుకుని. స్వరం తీసేయాల్సిన పని పడదు.

గట్టుమీదిపిట్ట
చరణం అందనివాడికి శ్రుతి అప్పగించడం కూడా కుదింపేనండీ. మీ సహోద్యోగి పాటను కుదిస్తున్నారు, మీరు పిల్లవాణ్ని కుదిస్తున్నారు. ఆవిడ క్లాసులో కనీసం అందరూ చరణం వాయిస్తున్నారు.

తాళంచిప్ప
దీనికి జవాబు చెప్పండి వేణునాదం గారూ. శ్రుతి పట్టేది ప్రతిసారీ అదే నలుగురైతే వాళ్లకు ఆ సంగతి మీకంటే ముందే అర్థమవుతుంది.

వేణునాదం
అదే నలుగురు కాకుండా చూస్తాను. చరణం బాగా వచ్చినవాళ్లూ వంతు ప్రకారం శ్రుతిలో కూర్చుంటారు, చరణం రానివాళ్లకు అందులో ఒక్క పాదం, చేతికి అందేది, సొంతంగా ఉంటుంది. అయినా గట్టుమీదిపిట్ట గారి మాట కొట్టిపారేయలేను, రేపు స్టాఫ్ రూములో ఆవిడ కూడా సరిగ్గా ఇదే అంటారు.