డెబియన్ 12 లినక్స్: క్లోజ్డ్ డ్రైవర్‌తో ల్యాప్‌టాప్ మూత తెరిస్తే నల్ల తెర

2017 నాటి ల్యాప్‌టాప్, ఎన్విడియా పాస్కల్ తరం 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు, గ్నోమ్ డెస్క్‌టాప్. కార్డు కంపెనీ ఇచ్చే క్లోజ్డ్ డ్రైవర్ (సోర్స్ కోడ్ బయటపెట్టనిది, వెర్షన్ 535) వేస్తే అంతా బాగానే ఉంటుంది, మూత మూసి తెరిచేదాకా. తెరిచాక నల్లటి తెర మీద మౌస్ బాణం ఒక్కటే కదులుతుంది. కంట్రోల్+ఆల్ట్+ఎఫ్3 నొక్కితే టెర్మినల్ వస్తోంది, అంటే సిస్టమ్ బతికే ఉంది. అరగంట దాటి మూసి ఉంచితే ప్రతిసారీ ఇంతే.

తెర మీద బొమ్మ చూపించే వ్యవస్థలు వేలాండ్, ఎక్స్ఆర్గ్ రెండూ మార్చి చూశాను. డ్రైవర్ సస్పెండ్ (నిద్రపుచ్చే), రెజ్యూమ్ (తిరిగి లేపే) సర్వీసులు ఎనేబుల్ చేశాను. వీడియో మెమరీని భద్రపరిచే ఆప్షన్ 1 పెట్టి రీబూట్ చేశాను. తేడా లేదు. ఓపెన్ సోర్స్ నూవో డ్రైవర్‌తో ఈ గొడవ లేదు గానీ, ఈ తరం కార్డుల్లో అది క్లాక్ స్పీడ్ (కార్డు పనిచేసే వేగం) పెంచలేకపోతుంది కదా, 3డీ సాఫ్ట్‌వేర్ బ్లెండర్‌లో మోడల్ తిప్పితే నత్తనడక.

ఇదే తరం కార్డుతో డెబియన్ 12లో సస్పెండ్ సరిగ్గా పనిచేస్తున్నవాళ్లు ఏ డ్రైవర్ వెర్షన్, ఏ లినక్స్ కెర్నల్ వెర్షన్ వాడుతున్నారు?