పాత చర్చిని బొమ్మల గ్యాలరీ చేయాలని ఉంది: గోడల సంగతి, ప్రభువు బల్ల సంగతి చెప్పండి

డ్రాయింగ్ మాస్టారు, జమ్మలమడుగు:
మా ఊర్లో మిషన్ కాలం నాటి చిన్న చర్చి ఉంది. కింద నాపరాళ్లు, పైన టేకు దూలాలు. మా అమ్మానాయన పెండ్లి అందులోనే అయింది. రోడ్డు పక్కన కొత్త చర్చి కట్టుకున్నాక దీనికి తాళం పడింది. సంఘం పెద్దలు "నువ్వే ఏదన్నా చెయ్యి మాస్టారూ, కూలిపోతే చూడలేం" అన్నారు. ఇరవై ఆరేళ్లు హైస్కూల్లో బొమ్మలు నేర్పినాను. నా దగ్గర నేర్చుకున్న పిల్లోళ్లు ఇప్పుడు మంచి పనులు చేస్తున్నారు, కానీ సొంత జిల్లా జనానికి చూపించే చోటు లేదు. వాళ్లవీ, నిమ్మలకుంట తోలుబొమ్మలూ అక్కడ పెట్టాలని నా ఆశ.

గోడలకు ఎప్పుడో సిమెంటు పూసినారు. మోకాలెత్తు దాకా ఉబ్బి, తెల్లగా ఉప్పు పూసింది. గోరు పెడితే పెచ్చులు రాలుతున్నాయి. పుట్టీ కొట్టి తెల్లరంగు వేస్తే చాలునా? ఇంకొకటి. ప్రభువు బల్ల (ఆరాధనలో రొట్టె, ద్రాక్షరసం పెట్టి పంచే బల్ల), బాప్తిస్మపు తొట్టి, చనిపోయినవాళ్ల పేర్లున్న రాతి పలకలు లోపలే ఉన్నాయి. వాటి మీదుగా బొమ్మ తగిలించడానికి నాకు చెయ్యాడదు.

కట్టుబడి పని, కర్నూలు:
మాస్టారూ, పుట్టీ మాట ఎత్తొద్దు. పాత గోడలోకి నేల తడి ఎక్కుతూనే ఉంటుంది. సున్నం పూతలో నుంచైతే అది ఎప్పటికప్పుడు ఆరిపోతుంది. సిమెంటు దారి మూసేస్తే, తడి మోసుకొచ్చిన ఉప్పు పూత వెనకాల పేరుకుని పెచ్చు లేపుతుంది. మీకు జరిగింది అదే.

ముందు కప్పు చూడండి, పునాది చుట్టూ వాన నీళ్లు నిలవకుండా చేయండి. తర్వాత వేలి కణుపులతో గోడ తట్టి, డొల్లగా మోగిన చోటల్లా ఉలితో చేత్తో తీయించండి. మిషను పెట్టనివ్వొద్దు, లోపలి ఇటుక పగులుతుంది. ఒక ఎండాకాలం ఆరనిచ్చి, అప్పుడు గానుగ సున్నం, అంటే గానుగలో వేసి నూరిన సున్నం, పూయించండి. మా నాయన అందులో కరక్కాయ, బెల్లం నానేసిన నీళ్లు కలిపేవాడు. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుంటూ మెల్లగా గట్టిపడుతుంది. మన ఎండకు అది గబుక్కున ఆరితే బీటలే, అందుకని తడి గోనెపట్టాలు కట్టండి.

గోడకు ఒక్క మేకూ కొట్టొద్దు. నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్‌లో 13వ శతాబ్దపు డొమినికన్ చర్చిని 2006లో పుస్తకాల షాపుగా మార్చినారు. అంతెత్తు ఇనుప అలమరాలను గోడలకు ఆనించకుండా విడిగా నిలబెట్టినారు. మీరూ చెక్క పలకలు అట్లే నిలబెట్టుకోండి.

సంఘ సభ్యురాలు, నంద్యాల:
వందనాలు అన్నా. పెద్దల నోటిమాటతో పని మొదలుపెట్టకండి. సి.ఎస్.ఐ. (దక్షిణ భారత సంఘం) చర్చి అయితే ఆస్తి ట్రస్టు పేరు మీద ఉంటుంది, డయాసిస్ (బిషప్పుగారి కింద చర్చిలను చూసుకునే ప్రాంతీయ పాలన) నుంచి రాతపూర్వకంగా అనుమతి రావాలి. ఆర్.సి.ఎం. (రోమన్ కాథలిక్) అయితే వాళ్ల సంఘ నియమావళి, కానన్ చట్టం 1222 ప్రకారం బిషప్పుగారే నిర్ణయించాలి. అప్పుడు కూడా అగౌరవమైన వాడకానికి ఇవ్వకూడదని అందులోనే ఉంది.

ప్రభువు బల్లనూ తొట్టినీ పాస్టరు అయ్యగారితో ప్రార్థన చేయించి కొత్త చర్చికి మోయండి. అది అందరూ చూస్తుండగా జరగాలి. మా దగ్గర ఒక పాత మందిరం సామాన్లు రాత్రిపూట లారీకి ఎత్తినారు, మా అవ్వ బతికున్నన్నాళ్లూ ఆ మాట చెప్పి ఏడ్చేది. రాతి పలకలు మాత్రం కదిలించకండి. ఆవరణలో సమాధులుంటే, ఈస్టర్ తెల్లవారుజామున కొవ్వొత్తులతో వచ్చేవాళ్లకు గేటు తెరిచే ఉంటుందని ఒప్పందంలో రాయించండి.

రంగులపని, అనంతపురం:
గోడ తెల్లగానే ఉండాలని పట్టుబట్టకండి సార్. బెర్లిన్‌లో సెయింట్ ఆగ్నెస్ అనే చర్చి 2015 నుంచి గ్యాలరీగా నడిచింది. దాని గరుకు బూడిదరంగు గోడలను అట్లే ఉంచినారు, బొమ్మలకు అదే నిండుదనం.

తోలుబొమ్మలకు వెనక నుంచి వెలుగు పడితేనే రంగు పలుకుతుంది. కానీ రోజంతా దీపం పెడితే ఆ రంగే వెలిసిపోతుంది. తోలుకూ నీటిరంగులకూ 50 లక్సు (వెలుగు కొలత) దాటనివ్వరు మ్యూజియంల వాళ్లు. మనిషి ముందుకొస్తే వెలిగి, పోగానే ఆరిపోయే దీపాలు పెట్టండి. పడమటి కిటికీలకు మందం గుడ్డ తప్పదు.

డ్రాయింగ్ మాస్టారు, జమ్మలమడుగు:
అందరికీ వందనాలు. నంద్యాల చెల్లెమ్మా, నువ్వు చెప్పిన రాత్రి లారీ మాట చదివినాక నిద్ర పట్టలేదు. ఈ పొద్దు అయ్యగారిని కలిసినాను. డయాసిస్‌కు ఉత్తరం ఆయనే రాస్తానన్నాడు. బల్లను ఆదివారం ఆరాధన అయినాక, మధ్యాహ్నం, చేతుల మీదే మోసుకుపోతాం. కర్నూలు అన్నా, గానుగ సున్నం పూసే మేస్త్రీ ఎవరన్నా మీ ఎరుకలో ఉంటే చెప్పండి, మా పక్క అందరూ సిమెంటు వాళ్లే.