జపాన్‌లో ఎనిమిది రోజులు: రైలు పాసా, విడి టికెట్లా, అద్దె కారా?

పాలకొల్లు ప్రయాణికుడు:
అమ్మానాన్నలతో కలిపి నలుగురం వెళ్తున్నామండి. టోక్యోలో దిగి, క్యోటో, హిరోషిమా చూసి, ఒసాకా నుంచి తిరుగు విమానం. ట్రావెల్స్ వాళ్లు ఏడు రోజుల జేఆర్ పాస్ (జపాన్ రైల్వే రైళ్లలో ఎన్నిసార్లయినా తిరిగే టికెట్) తప్పనిసరి అంటున్నారు. నిజమేనా? కారు అద్దెకు తీసుకుంటే నయమా? అమ్మకి మోకాళ్ల నొప్పులు, మెట్లెక్కలేదు.

వశిష్ఠ ఒడ్డు:
పాస్ వద్దండి. 2023 అక్టోబరులో దాన్ని 29,650 యెన్ల నుంచి 50,000కి పెంచేశారు. టోక్యో–క్యోటో బుల్లెట్ రైలు మనిషికి సుమారు 14 వేలు. అక్కణ్నుంచి హిరోషిమా, మళ్లీ ఒసాకా, అన్నీ కలిపినా 40 వేలు దాటదు. పైగా అన్నిటికంటే వేగంగా పోయే నొజోమి ఎక్కాలంటే పాస్ ఉన్నా అదనంగా కట్టాలి.

బుల్లెట్ రైలు టికెట్లు అమ్మే స్మార్ట్ఈఎక్స్ యాప్‌లో కొనుక్కోండి. ముందుగా మీ బ్యాంకు యాప్‌లోకి వెళ్లి కార్డుకి అంతర్జాతీయ వాడకం ఆన్ చేయండి. మన కార్డులు చాలావాటికి అది ఆపేసి ఉంటుంది, చెల్లింపు దగ్గర ఆగిపోయేది అందుకే.

సూట్‌కేసు పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి కొలవండి. 160 సెంటీమీటర్లు దాటితే 'పెద్ద సామాను' సీటు ఎంచుకోవాలి. దానికి వేరే రుసుము లేదు. ఎంచుకోకుండా ఎక్కితే 1,000 యెన్లు కట్టించుకుంటారు. నన్నడిగితే పెట్టెలు హోటల్ కౌంటర్లో ఇచ్చి తక్యుబిన్‌లో (అక్కడి సామాను పార్శిల్ సేవ) తర్వాతి ఊరి హోటల్‌కి పంపేయండి, మామూలుగా మర్నాటికి చేరతాయి. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు ఆ డబ్బు దగ్గర మాత్రం వెనకాడొద్దు.

లాకుల దగ్గర:
ఊళ్లో తిరగడానికి సుయికా కార్డు, ముందే డబ్బు వేసుకుని గేటు దగ్గర తాకించేది. రైలు, బస్సు, చిన్న కొట్లు అన్నిటికీ పనికొస్తుంది. తలా ఒకటి ఉండాలి, ఇద్దరికి ఒకటి చాలదు. కార్డులో డబ్బు వేయడానికి స్టేషన్ మిషన్లు ఎక్కువగా నోట్లే అడుగుతాయి. ఒక్కటి గుర్తుంచుకోండి: టోక్యో పరిధిలో కార్డు తాకించి లోపలికెళ్లి ఒసాకా వైపు బయటికి రాలేరు, గేటు తెరుచుకోదు. రెండు పరిధుల్లోనూ విడివిడిగా పనిచేస్తుందంతే.

క్యోటో సిటీ బస్సు వెనక తలుపున ఎక్కి, ముందు దిగుతూ 230 యెన్లు కట్టాలి. నలుగురికి 920. దగ్గర దూరమైతే టాక్సీ మేలు, అమ్మగారు నిలబడక్కర్లేదు. టాక్సీ తలుపు మీరు లాగకండి, డ్రైవరే తెరుస్తాడు.

పెద్ద స్టేషన్లలో ప్రతి ద్వారానికీ లిఫ్టు ఉండదు. గూగుల్ మ్యాప్స్‌లో చక్రాల కుర్చీ దారి ఎంచుకుంటే లిఫ్టులున్న దారి చూపిస్తుంది. రైలు మారడానికి అది చెప్పే సమయం మీద ఇంకో పది నిమిషాలు వేసుకోండి.

కోనసీమ చోదకుడు:
ఈ దారికి కారు దండగండి. టోల్, పార్కింగ్ రెండూ భారమే. హొక్కైడో, ఒకినావా లాంటి చోట్లకయితే కారు మంచిది. అక్కడా మనలాగే ఎడమవైపే నడుపుతారు. కాకపోతే మన లైసెన్సు ఒక్కటే చూపిస్తే బండి ఇవ్వరు. ఇక్కడే ఆర్టీవో దగ్గర 1,000 రూపాయలు కట్టి అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోవాలి. ఏడాది చెల్లుతుంది. 1949 జెనీవా రోడ్డు రవాణా ఒప్పందం పద్ధతిలో ఉన్నదే జపాన్‌లో చెల్లుతుంది, మనదీ అదే.

హిరోషిమాలో మియాజిమా దీవి వదలకండి. లోకల్ రైలు దిగి నాలుగడుగులేస్తే రేవు. అక్కణ్నుంచి పది నిమిషాల పడవ, మన నరసాపురం–సఖినేటిపల్లి పంటులాగే కార్లనీ ఎక్కించుకుంటుంది. ఛార్జీ మీద మనిషికి 100 యెన్ల సందర్శకుల పన్ను ఉంటుంది. పగటిపూట జేఆర్ పడవే ఎక్కండి, నీళ్లలో నిలబడ్డ గుడి ఎర్ర తోరణ ద్వారం దగ్గరగా పోతుంది.