1973 యుద్ధంలో గెలిచింది ఈజిప్టా, ఇజ్రాయెలా?

కృష్ణలంక కుర్రోడు:
యుద్ధం మొదలైన అక్టోబర్ 6 ఈజిప్టులో సెలవు. కైరోలో ఆ తేదీ పేరుతో వంతెన ఉంది, దగ్గర్లో ఏకంగా ఊరే కట్టారు. ఇజ్రాయెల్ వైపు వాళ్లని అడిగితే, చివరికి సూయజ్ కాలువ దాటి కైరోకి 101 కిలోమీటర్ల దగ్గర నిలబడింది మేమే కదా అంటారు. నా ఓటు ఈజిప్టుకే. 1967లో ఆరు రోజుల్లో సినాయ్ ద్వీపకల్పాన్ని ఇజ్రాయెల్‌కి పోగొట్టుకున్న సైన్యం ఆరేళ్లకి సూయజ్ ఎలా దాటిందో చూడండి. అవతలి ఒడ్డున ఇజ్రాయెల్ ఎత్తుగా ఇసుక కట్ట పోసింది. పేల్చినా ఇసుక జారి మళ్లీ పూడుకుపోతుంది. అస్వాన్ డ్యామ్ పనుల్లో ఇసుకను నీళ్లతో కొట్టి తరలించడం చూసిన బాకీ జాకీ యూసఫ్ అనే ఇంజినీరు అధికారి, ఇక్కడా అదే చేద్దామన్నాడు. కాలువ నీళ్లనే పంపులతో కట్ట మీదికి కొట్టారు. గంటల్లో దారులు పడ్డాయి, వాటి మీదుగా ట్యాంకులు పోయాయి.

మాజీ ఫౌజీ:
తమ్ముడూ, దాటడం గొప్పే, కాదనను. మరి అక్టోబర్ 14 సంగతి చెప్పవేం? అప్పటిదాకా వాళ్లని కాపాడింది విమానాల్ని కూల్చే రష్యా క్షిపణుల గొడుగు. కలిసి యుద్ధానికి దిగిన సిరియా మీద ఒత్తిడి తగ్గించాలని ఈజిప్టు అధ్యక్షుడు సాదత్ ట్యాంకుల్ని ఆ గొడుగు దాటించి ముందుకు పంపమన్నాడు. సైన్యాధిపతి షాజ్లీ వద్దు మొర్రో అన్నా వినలేదు. ఒక్క రోజులో 200కు పైగా ట్యాంకులు పోయాయి. మర్నాడు రాత్రి ఇజ్రాయెల్ జనరల్ షరోన్ డివిజన్ రెండు ఈజిప్టు సైన్యాల మధ్య సందు చూసుకుని కాలువ దాటింది. చివరికి ఈజిప్టు మూడో సైన్యం మొత్తం చిక్కుకుపోయి, తాగే నీళ్లు కూడా ఇజ్రాయెల్ ఒప్పుకుంటేనే అందే పరిస్థితి. దీన్ని గెలుపంటే మా రెజిమెంట్‌లో నవ్వుతారు.

అతిథి:
గెలిచింది చమురు అమ్మేవాళ్లు. పీపా 3 డాలర్లుండేది కొన్ని నెలల్లోనే 12 దగ్గరికి వెళ్లింది. మన దగ్గర పెట్రోలు రేటు పెంచితే ఆ నవంబర్‌లో వాజ్‌పేయి ఎడ్లబండిలో పార్లమెంటుకి వచ్చారు.

కృష్ణలంక కుర్రోడు:
ఫౌజీ అన్నా, మీరు మ్యాపు చూస్తున్నారు, నేను సాదత్ ఏం కోరుకున్నాడో చూస్తున్నా. 1971 ఫిబ్రవరిలోనే, సినాయ్ వదిలితే శాంతి ఒప్పందానికి సిద్ధమని ఐరాస ప్రతినిధి యారింగ్‌కి రాసిచ్చాడు. 1967కి ముందున్న గీతకి వెళ్లేది లేదని ఇజ్రాయెల్ తెగేసి చెప్పింది. బలహీనుడితో బేరమేంటన్న ధీమా అది. యుద్ధంలో తమవాళ్లు 2,600 మంది చనిపోయాక, ప్రధాని గోల్డా మేయిర్ రాజీనామా చేశాక ఆ ధీమా దిగింది. 1982 ఏప్రిల్ నాటికి, టాబా ముక్క తప్ప సినాయ్ అంతా వెనక్కి వచ్చింది. ఇంకేం కావాలి?

చదువరి:
మీ ఇద్దరి లెక్కలోనూ సిరియా లేదు! అదే రోజు, అదే గంటకి, 1967లో ఇజ్రాయెల్ పట్టుకున్న గోలన్ గుట్టల మీదికి వెయ్యికి పైగా ట్యాంకులతో వెళ్లింది వాళ్లు. ఎదురుగా ఉన్నవి 200 లోపే. అయినా కొన్ని రోజులకే ఇజ్రాయెల్ సైన్యం డమాస్కస్‌కి 40 కిలోమీటర్ల దాకా వచ్చేసింది. సిరియా అధ్యక్షుడు అసద్ భూమి కోసం దిగితే, సాదత్ బేరం కుదరడానికి సరిపడా యుద్ధం చేశాడు. ఆ తేడా అసద్‌కి ముందే చెప్పలేదనేదే నా అసలు అభ్యంతరం. 1974లో గోలన్‌లోని కునైత్రా పట్టణం మాత్రం సిరియాకి తిరిగొచ్చింది. మిగతా గోలన్‌కి 1981లో ఇజ్రాయెల్ తన చట్టం వర్తింపజేసింది. పాలస్తీనా వాళ్లకైతే ఈజిప్టు, ఇజ్రాయెల్ 1978లో చేసుకున్న క్యాంప్ డేవిడ్ ఒప్పందంలో కాగితం మీద స్వపాలన మాట ఒకటి మిగిలింది.

మాజీ ఫౌజీ:
చదువరి గారి మాట నిజం. తమ్ముడూ, సినాయ్ తెచ్చింది 1977లో సాదత్ జెరూసలేం వెళ్లి ఇజ్రాయెల్ పార్లమెంటు క్నెస్సెట్‌లో చేసిన ప్రసంగం, పంపులూ ట్యాంకులూ కాదు. దాని వెంట వచ్చిన 1979 శాంతి ఒప్పందానికి ఈజిప్టుని అరబ్ లీగ్ వెలేసింది. 1981లో ఇదే అక్టోబర్ 6 పరేడ్‌లో సాదత్‌ని సొంత సైనికులే కాల్చి చంపారు.

కృష్ణలంక కుర్రోడు:
1967లో ఓడిన దేశాధ్యక్షుడిగానే వెళ్లుంటే ఆ ప్రసంగం లొంగుబాటు అయ్యేదన్నా. కాలువ దాటిన వాడు కాబట్టే వెళ్లగలిగాడు. సిరియాని మోసం చేశాడంటారా, అది మాత్రం ఒప్పుకుంటా. గెలిచినవాడు మంచివాడని నేనెక్కడ అన్నాను?